ఎడమవైపు వెనక చక్రం

మా సందు చివర రేకుల తలుపున్న కారు షెడ్డు ఒకటి ఉంది. చీకటి పడ్డాక దాని ముందు నుంచి ఎవరూ నడవరు. ఎంత అర్జంటు పనున్నా సరే, చుట్టూ తిరిగి పక్క సందులోంచి వస్తారు.

ఒకప్పుడు ఆ తలుపు వెనక ఎవరో నిట్టూర్చేవారు. హుస్స్... అని, అలసిపోయిన మనిషి కుర్చీలో కూలబడ్డట్టు. కాసేపాగి సన్నగా గురక. తర్వాత ఏమీ ఉండదు.

ఇప్పుడా నిట్టూర్పు లేదు. అయినా ఎవరూ నడవరు. అది వినిపించినప్పుడే నయం అంటారు.

ఈ సంగతి నాకు చెప్పింది ఆ షెడ్డులోని బండిని బాగుచేసిన మెకానిక్. కోతలకి పెట్టింది పేరు. అందుకే వాడు చెప్పినదాంట్లో సగం తీసేసి, మిగతా సగమే చెబుతున్నాను.

ఆ బండి పాతకాలపు ఖరీదైన కారు. దాని యజమాని ఒక డ్రైవరు. ఒక ధనవంతుడి దగ్గర ఆ కారునే ఏళ్ల తరబడి తోలి, ఆయన కొత్తది కొనుక్కున్నాక పాతది తను తీసుకున్నాడు. తీసుకున్నాడే గానీ వెనక సీట్లో కూర్చోవడం మాత్రం చేతకాలేదు. బతుకులో ఒకే ఒక్కసారి కూర్చున్నాడు — గుండెనొప్పి వచ్చిన రోజున. తమ్ముడు తోలుతుంటే వెనక ఎడమవైపు ఆయన, కుడివైపు భార్య. ఆమె భుజం మీద తల వాల్చుకుని ఆస్పత్రి దాకా వెళ్లాడు. తన కాళ్ల మీద మాత్రం దిగలేదు.

అప్పట్నుంచి పొద్దు వాలగానే ఆమె స్టూలు పట్టుకుని షెడ్డులోకి వెళ్లేది. హుస్స్‌మనగానే గొంతు తగ్గించి, "వచ్చారా..." అనేది. కుళాయి కారుతోందని, కళ్లజోడు కాడ విరిగిందని, ఎదురింటివాళ్లు గోడ ఎత్తు పెంచుతున్నారని — ఆ రోజు సంగతులన్నీ చెప్పుకునేది. గురక ఆగాక లేచి వచ్చి భోంచేసేది. ఆమెకి మిగిలిన కాపురం అంతే.

మరిదికి అది తలవంపులుగా ఉండేది. "మీ అన్నయ్య ఇంకా డ్యూటీ దిగలేదా?" అని సందులోవాళ్లు ఆటపట్టిస్తే వాడికి ఒళ్లు మండిపోయేది. ఒకనాడు మెకానిక్‌ని పిలుచుకొచ్చాడు.

మెకానిక్ బండి కింద దూరి, నవ్వుకుంటూ బయటికి వచ్చాడు.

"దెయ్యం లేదు గియ్యం లేదమ్మా. ఈ బండికి స్ప్రింగులుండవు. చక్రం చక్రానికీ ఒక రబ్బరు తిత్తి, దాన్నిండా గాలి. రబ్బరు పగిలింది. సాయంత్రం చల్లబడగానే గాలి పోతుంది, బండి కుంగుతుంది. పంపు గురకపెట్టినట్టు ఆడి, మళ్లీ గాలి కొట్టి లేపుతుంది. అదీ మీ ఆయన."

మరిది పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"పోనీ, అలాగే ఉండనివ్వు బాబూ. నీకేం అడ్డం?"

"తిత్తులు పీకేసి స్ప్రింగులు వేసెయ్," అన్నాడు వాడు మెకానిక్‌తో. "ఇవాళ్టితో అన్నయ్య దిగిపోవాలి."

తిత్తులు ఊడాయి. పంపు ఊడింది. వాటి చోట ఇనప స్ప్రింగులు ఎక్కాయి. టైరుకీ పైన రేకుకీ మధ్య అన్ని వైపులా నాలుగేసి వేళ్లు పట్టేలా బండి బిగుతుగా నిలబడింది. పారేసిన తిత్తుల్లో ఒకదాన్ని ఆమె ఏరుకుని, చెంగుతో తుడిచి లోపలికి పట్టుకెళ్లింది.

ఆ సాయంత్రం స్టూలు మరిదే వేశాడు. పెళ్లాన్ని పిలిచాడు, ఇరుగుపొరుగుని పిలిచాడు, మెకానిక్‌నీ ఉండమన్నాడు.

"రా వదినా. ఏం చెప్పుకుంటావో చెప్పుకో. మేమూ వింటాం."

చీకటి పడింది... అందరూ చెవులు రిక్కించారు...

హుస్స్ లేదు. గురక లేదు. వెనకెవరో కిసుక్కుమన్నారు. "దిగిపోయినట్టున్నాడు," అన్నాడు మరిది.

ఆమె వాళ్లవైపు చూడలేదు. చక్రం వైపు చూస్తోంది.

"వచ్చారు," అంది, తనలో తను అనుకున్నట్టు. "కూర్చున్నారు... ఇదివరకైతే పంపు లేపేది. ఇప్పుడు లేపేవాళ్లు లేరు."

మెకానిక్ టార్చి వేసి వంగాడు. ఎడమవైపు వెనక చక్రం దగ్గర నాలుగు వేళ్లు పట్టాల్సిన చోట — రెండే పట్టాయి.

స్ప్రింగుదే తప్పనుకుని మర్నాడు ఎడమదాన్ని కుడివైపుకీ, కుడిదాన్ని ఎడమవైపుకీ మార్చాడు. స్ప్రింగుదే తప్పయితే ఈసారి కుడివైపు కుంగాలి. చీకటి పడ్డాక చూస్తే... మళ్లీ ఎడమవైపే.

అప్పుడు వెలిగింది వాడికి. గాలి తిత్తుల మీద నిలబడ్డ బండి ఎంతమంది ఎక్కినా ఎత్తు మారదు. ఎవరైనా కూర్చుంటే పంపు లేపేస్తుంది, లోపల బరువుందో లేదో బయటికి తెలియదు. స్ప్రింగుకి ఆ దాపరికం లేదు. ఉన్న బరువు ఉన్నట్టు చూపించేస్తుంది.

ఆ మాటే మరిదితో అన్నాడు. మరిది మొహంలో నెత్తుటి చుక్క లేదు. షెడ్డుకి తాళం వేసి, తాళంచెవి జేబులో పడేసుకున్నాడు.

"ఒక్కసారి తియ్యి బాబూ," అని ఆమె రోజూ బతిమాలేది. "ఆయన ఒక్కరే కూర్చుని ఉంటారు."

"కూర్చోనీ. కాళ్లు తిమ్మిరెక్కితే ఆయనే లేస్తాడు."

ఈ మాట నేను నా చెవులతో విన్నాను. అడ్డుపడలేదు. ఎవరమూ అడ్డుపడలేదు, చెప్పాలంటే ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా.

ఆమె తలుపు బయట స్టూలు వేసుకుంది. రేకుకి నోరు ఆనించి ఆ రోజు సంగతులు చెప్పేది. లోపలినుంచి జవాబు లేకపోయేసరికి చెప్పిందే మళ్లీ చెప్పేది. భోజనానికి లేవడం మానేసింది. వానలు పడుతున్న రోజుల్లో ఒక తెల్లవారుజామున, తల రేకు మీద వాల్చుకుని అలాగే ఉండిపోయింది. ఒళ్లో ఆ పాత తిత్తి ఉంది.

అంతా అయిపోయాక మరిది తాళం తీశాడు. మెకానిక్‌ని పిలిచి చూపించాడు.

"చూడు, సర్దుకుంది. ఇప్పుడు ఏ వంకరా లేదు."

నిజమే. చూపుకి బండి సమంగా ఉంది. మెకానిక్‌కి మనసు ఊరుకోక ఎడమ చక్రం మీద చెయ్యి పెట్టాడు — రెండు వేళ్లే. లేవలేదు. చుట్టూ తిరిగి కుడివైపుకి వచ్చాడు. అక్కడ ఎప్పుడూ నాలుగు వేళ్లు పట్టేవి... మూడో వేలు కష్టంగా దూరింది.

ఎడమవైపు లేవలేదు. కుడివైపు దిగింది. ఆయనంత కాదు, కొంచెం తక్కువ. ఆమె బక్కపల్చటి మనిషి.

మెకానిక్ పానాలు సర్దుకుని వచ్చేశాడు. ఇంతవరకే వాడు చెప్పింది. ఇందులో కోత ఎంతో నాకు తెలియదు.

మొన్న సాయంత్రం వానలో నేను నడిచి వస్తుంటే ఆ కారు పక్కన ఆగింది. మరిది ఒక్కడే ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. అద్దం దించి, "తడిసిపోతున్నారు, ఎక్కండి," అన్నాడు. "ముందు సీట్లో సామానుంది. వెనకంతా ఖాళీయే."

నేను చక్రాల వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం రాలేదు.

డ్రైవరుకి వెనక సీటు కనబడే లోపలి అద్దం ఉంటుంది చూడండి... దాన్ని వాడు పూర్తిగా పైకప్పు వైపు తిప్పేసుకున్నాడు.