రాజమౌళి షాపుకు చేపల పొడి

జనగామ ఫంక్షన్ హాల్లో మూడు జిల్లాల స్టార్టప్ పోటీ. సుమన్ తన స్టాల్‌లో లాప్‌టాప్ తెరిచాడో లేదో, పక్క స్టాల్ నుంచి ఎండు చేపల వాసన గుప్పుమంది. పుట్టి బుద్ధెరిగి నీసు ముట్టని షావుకారింటి పిల్లవాడు. గబగబా నాలుగు అగరుబత్తులు ముట్టించి రెండు స్టాళ్ల మధ్యలో గుచ్చాడు.

"ఓ అన్నా, ఈడ ఎవలన్న సచ్చిండ్రా?"

తలెత్తి చూశాడు, పక్క స్టాల్ అమ్మాయి. వాసన సంగతి అక్కడితో మరిచిపోయాడు.

"అంటే... మంచి వాసన కోసం."

"మాది గూడ మంచి వాసననే. ఆకలైనోళ్లను అడుగు."

ఆమె పేరు సౌందర్య, ఊరు నర్సింహులపేట. చెరువులో పడే చిన్న పరక చేపల్ని ఎండబెట్టి, దంచి, కారం కలిపి 'చెరువు గట్టు' పేరుతో డబ్బాల్లో నింపుతుంది. గెలిచినవాళ్లకు సోలార్ డ్రయ్యర్ ఇస్తారు. అది వస్తే, తారు రోడ్డు మీద చేపలు ఆరబోసి మబ్బు పట్టినప్పుడల్లా పరుగెత్తే బాధ ఆమె తల్లికి తప్పుతుంది. సుమన్‌ది కిరాణా షాపుల యాప్. గెలవకపోయినా నాయిన దుకాణం ఉండనే ఉంది.

మధ్యాహ్నానికి అగరుబత్తులు కొండెక్కాయి. అతను మళ్లీ ముట్టించలేదు. ఆమె అన్నం తినడానికి వెళ్తే స్టాల్ కూడా తనే చూసుకున్నాడు.

"ఏం చెప్పి అమ్మినవ్?"

"శానా బాగుంటదని చెప్పిన."

"నీకెట్ల ఎరుక?"

"నిన్ను చూసి చెప్పిన."

"అబ్బో!" అంది సౌందర్య. కానీ సిగ్గుపడింది.

రెండో రోజు ఫైనల్. అక్కడికక్కడ వచ్చే ఆర్డర్లకే మార్కులు. జనం ఆమె పొడి నోట్లో వేసుకుని వేళ్లు నాకుతున్నా, ఆర్డర్లు చాలవేమోనని సుమన్‌కు ఒకటే పరేషాన్. హాలు వెనక్కి వెళ్లి బాబాయిలకు, బావలకు, భూపాలపల్లిలో షాపున్న మేనమామ రాజమౌళికి ఫోన్లు కొట్టి, 'చెరువు గట్టు'కు ఆర్డర్ పెట్టమన్నాడు. వాళ్లిళ్లల్లో ఎవరు కొత్త దుకాణం తెరిచినా ముందు చుట్టాలే కొంటారు. అతనికి తెలిసిన సాయం అదొక్కటే. ఏం మాల్ అని వాళ్లు అడగలేదు, ఇతను చెప్పలేదు.

సాయంత్రం జడ్జి కౌసల్య మేడం, అన్నిటికంటే పెద్ద ఆర్డర్ ఇచ్చినాయనకు స్టేజీ మీద నుంచే ఫోన్ చేసి మైకు ముందు పెట్టింది.

"రాజమౌళి గారూ, మీ షాపుకు చేపల పొడి ఎప్పుడు పంపమంటారు?"

"చేపలా! రామ రామ! మా సుమన్‌గాడు ఆర్డర్ పెట్టుమంటే పెట్టిన తల్లీ. చేపలని చెప్పకపాయె గాడిద!"

హాలంతా పగలబడి నవ్వింది. సౌందర్య నవ్వలేదు. సుమన్ వైపు తిరిగి చూసింది. అతను తల దించుకున్నాడు.

దొంగ ఆర్డర్లని ఆమె పేరు కొట్టేశారు. డ్రయ్యర్ భూపాలపల్లి పుట్టగొడుగుల టీమ్‌కు పోయింది.

"అన్నీ నేనే చేసిన మేడం, ఆమెకేం తెల్వది," అని సుమన్ బతిమాలాడు.

"రూల్ రూలే బాబూ. మీ చుట్టాల ఆర్డర్లు తీసేసినా ఆ పిల్లనే ఫస్ట్ ఉండె," అంది కౌసల్య మేడం.

సుమన్ తిరిగి చూసేసరికి సౌందర్య స్టాల్ ఖాళీగా ఉంది.

బస్టాండుకు పరుగెత్తేసరికి చినుకులు మొదలయ్యాయి. సౌందర్య డబ్బాల సంచితో తొర్రూరు బస్సు ఎక్కుతోంది.

"సౌందర్యా! నువ్వు గెలవాలనే చేసిన. నువ్వంటే నాకు పానం."

ఆమె మెట్టు మీద ఆగింది.

"నాక్కూడ నువ్వు నచ్చినవ్ సుమన్. నువ్వు తినకపోతివి, మీ ఇంటి పద్ధతని నేనేమనలే. తిన్నోళ్లనన్న నమ్మాలె గదా! నేను ఓడిపోతనని నీకు ముందే ఎట్ల అనిపిచ్చింది?"

సుమన్ ముఖం మీది చినుకులు తుడుచుకున్నాడు.

"నేనొచ్చి మీ అమ్మకు చెప్త," అన్నాడు చివరికి.

"ఏం చెప్తవ్? ఈ ఏడు గూడ రోడ్డు మీదనే ఆరబోసుకో అని చెప్తవా?"

కండక్టర్ విజిల్ వేశాడు. ఆమె లోపలికి వెళ్లి అటువైపు కిటికీ దగ్గర కూర్చుంది.

బస్సు మలుపు తిరిగేదాకా సుమన్ తడుస్తూ నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి ఒక అమ్మాయికి తన ప్రేమ సంగతి చెప్పాడు. తప్పయిందని మాత్రం చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది.