రెండుసార్లు పడ్డ ఉప్పు

"నేను చాయ్ తాగిన్నా, బిడ్డా?"

వాకిట్లో మంచం మీద కూర్చున్న అబ్దుల్ హమీద్ కోడల్ని అడిగాడు. ఆయన తాగిన కప్పు కడిగి బోర్లించి రెండు నిమిషాలు కూడా కాలేదు.

"తాగిన్రు అబ్బా. ఇప్పుడే," అంది హసీనా ఆయన ముఖంలోకి చూడకుండా.

"తాగినట్టే ఉంది. ఎందుకైనా మంచిదని అడిగిన."

ఆయన చేతిరుమాలు తీసి ఓ మూలకి ముడి వేసుకున్నాడు. చాయ్‌కి ఒక ముడి, పొద్దుటి నమాజుకి ఒక ముడి. రెండు నెలల నుంచి అదే వరస. ఆ ముడులు చూసినప్పుడల్లా హసీనా చూపు తిప్పుకునేది.

మేళ్లచెరువు చుట్టుపక్కల హమీద్ వంట తెలియని ఇల్లు లేదు. నిఖా అయినా, పెండ్లయినా మేక పక్కటెముకలు వండాలంటే ఆయనే రావాలి. పచ్చి బొప్పాయి, అల్లంవెల్లుల్లి, ఎండుమిరప నూరిన ముద్ద పట్టించి రాత్రంతా నానబెట్టేవాడు. కట్టెకోత మిల్లు నుంచి రంపపు పొట్టు తెచ్చి ఇనుప పొయ్యిలో దట్టంగా కూరేవాడు. ఆ పొట్టు మండదు, మెల్లగా రగులుతుంది. దాని మీద మూతకి పిండి మెత్తి గంగాళం పెడితే అయిదు గంటలు ముట్టుకునేవాడు కాదు. ఎముక నుంచి మాంసం జారేటప్పుడు మూత తీసి, దిగిన రసంలో చిట్టచివర ఉప్పు వేసి, ఆ రసం పూస్తూ నిప్పుల మీద ముక్కల్ని ఎర్రగా కాల్చేవాడు. ఉప్పు ముందే పడితే మాంసం బిగుసుకుంటుందని ఆయన నమ్మకం.

కొడుకు మెహమూద్ సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మొన్న రంజాన్ పండగ వెళ్లిన వారానికి ఫోర్‌మన్‌నీ, తోటివాళ్లు పదిమందినీ భోజనానికి పిలిచాడు. "మా అబ్బా చేతి మేక బొక్కలు తింటే వేళ్లు గూడ నాకుతరు," అని ముందే గొప్పలు చెప్పుకున్నాడు. ఆ రోజు హమీద్ ఉపవాసం. పండగ తర్వాత ఉండే ఆరు రోజాల్లో అదొకటి. రుచి చూడటానికి లేదు. అయినా ఆయనకేం బెంగ? నలభై ఏళ్ల చేతి కొలత.

అందరూ తినడం మొదలుపెట్టారు. మొదటి ముక్కకే ఫోర్‌మన్ లేచి బయటికి వెళ్లి ఉమ్మేశాడు. ఉప్పు కషాయం.

మెహమూద్‌కి తల కొట్టేసినట్టయింది. అందరి ముందే తండ్రి మీద విరుచుకుపడ్డాడు. "ఒకసారి ఏసి మళ్ల ఏసినవా? తాత లెక్క నీకు గూడ మతి పోయిందా?" అంటూ గంగాళం ఎత్తుకెళ్లి మోరీ కాలవలో కుమ్మరించాడు.

హమీద్ గరిటె కింద పెట్టేశాడు. ఆయన తండ్రి చివరి రోజుల్లో కన్నకొడుకు పేరు మరిచిపోయాడు. ఒకరోజు ఇల్లు వదిలి వెళ్లిపోతే మూడు రోజులకి ఎక్కడో కాలువ గట్టున దొరికాడు. తనకీ అదే మొదలైందని హమీద్ ఆ క్షణాన నమ్మేశాడు. గరిటె మళ్లీ పట్టలేదు.

ఈ ఉదయం చాయ్ అయ్యాక గడపలో చెప్పుల చప్పుడైంది. ఊళ్లో రైతు గుర్వయ్య వచ్చాడు.

"హమీద్ భాయ్, మా పిలగాని పెండ్లి పెట్టుకున్నం. వచ్చే ఆదివారం వియ్యపోళ్లకు విందు. నా పెండ్లికి నువ్వే వండినవ్, నా కొడుకు పెండ్లికీ నువ్వే వండాలె."

"వేరేటోళ్లను చూసుకో గుర్వయ్య."

"గదేంది భాయ్? నువ్వు లేకుంటే ఎట్ల?"

"నాకు మతి సక్కగుంట లేదు. ఏసింది ఏసినట్టు యాదికుండదు. నీ వియ్యపోళ్ల ముందు నీ ఇజ్జత్ తీస్తనా?"

గుర్వయ్య ఎంత బతిమిలాడినా ఆయన తల అడ్డంగానే ఊపాడు. గుర్వయ్య కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. తలుపు వెనక నిలబడ్డ హసీనా చేతిలో చీపురు అలాగే ఉండిపోయింది.

డ్యూటీకి బయల్దేరిన మెహమూద్ సైకిలు స్టాండు తీస్తూ అన్నాడు. "మంచిగ చెప్పినవ్ అబ్బా. ఇగ బజారుకు గూడ ఒక్కనివి పోకు. హసీనా, నువ్వు లోపల పనిల ఉంటే బయట గొళ్లెం పెట్టు. తాత లెక్క ఎటన్న పోతే ఎక్కడ దేవులాడాలె?"

హమీద్ కోపగించుకోలేదు. చిన్నపిల్లాడిలా తల ఊపాడు. "అవ్, పెట్టు బిడ్డా. మా అబ్బాకు గూడ నేను గట్లనే పెట్టిన."

హసీనా చేతిలో చీపురు కింద పడింది.

"గొళ్లెం పెట్టను!"

మెహమూద్ తిరిగి చూశాడు. రెండేళ్ల కాపురంలో ఆమె గొంతు అంత గట్టిగా వినడం అదే మొదటిసారి.

"అబ్బాకు ఏం కాలే. ఆ రోజు ఉప్పు నేనేసిన."

"ఏమంటున్నవ్?"

"అబ్బా నమాజుకు పోయినప్పుడు మూత తీసి రుచి చూసిన. చప్పగుంది. ఉప్పు ఆఖర్ల ఏస్తడని నాకు తెల్వదు, మరిచిపోయిండనుకున్న. మీ దోస్తులు అప్పుడే గడపల దిగుతున్నరు. గుప్పెడు ఉప్పేసి, మళ్ల పిండి మెత్తిన. పాపకు పాలియ్యనీకె లోపలికి పోయిన. అబ్బా వచ్చి ఆయన కొలత ఆయన ఏసిండు."

మెహమూద్ మొహం పాలిపోయింది. "మరి ఆ రోజే ఎందుకు చెప్పలే?"

"మీరు గంగాళం ఎత్తి కుమ్మరిస్తుంటే చూసిన. భయమైంది. మాపటికి చెప్దామనుకున్న. మాపటికి కాలే, తెల్లారి చెప్దామనుకున్న. రోజులు పోయినకొద్దీ నోరు ఇంకింత బరువైంది." ఆమె మామగారి కాళ్ల దగ్గర కూలబడింది. "మీరు రుమాలుకు ముడులేస్తుంటే చూసుకుంట ఊకున్న. నాకు మాఫీ లేదు అబ్బా."

హమీద్ వేళ్లు రుమాలు ముడిని తడిమాయి. తర్వాత మెల్లగా అడిగాడు.

"అయితే నేను రెండుసార్లు ఎయ్యలే?"

"ఎయ్యలే."

"ఒక్కసారే?"

"ఒక్కసారే, అబ్బా."

"ఖసమ్?"

"నా బిడ్డ మీద ఖసమ్."

ఆయన రుమాలు ముడి విప్పాడు. "రెండు నెలలు, బిడ్డా! నమాజుల నిలబడితే, వంగి లేసింది రెండో రకాతా, మూడోదా అని ఏడ్సిన. అల్లా నన్ను మా అబ్బా తొవ్వల నడిపిస్తుండని రోజూ భయపడ్డ. ఒక్క మాట... ఒక్క మాట చెప్తే నేను నిన్ను కొడుతుంటినా?"

 ఆయన కొడుకు వైపు తిరిగాడు.

"నాకు భయపడలే ఆమె. నీకు భయపడ్డది. నీ నోటికి భయపడి ఇంటి కోడలు నిజం దాచుకున్నది. కూర పారబోసినవ్, సరే. నన్ను గూడ పారబోసినవ్ గదరా!"

మెహమూద్ సైకిలు గోడకి ఆనించాడు. ఆ రోజు మోరీ దగ్గర నిలబడి తను అరిచిన మాటలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. తండ్రి దగ్గరికి వచ్చి కింద కూర్చుని, ఆయన మోకాళ్ల మీద తల పెట్టాడు. "అందరి ముందు అన్న అబ్బా. అందరి ముందే చెప్త," అన్నాడు.

చెప్పాడు కూడా. ఆ రోజే షిఫ్టులో ఫోర్‌మన్‌కీ, ఆ పదిమందికీ జరిగింది చెప్పాడు. తప్పు తన పెళ్లాం మీద కాకుండా తన నోటి మీద పెట్టుకుని చెప్పాడు. వచ్చే దారిలో గుర్వయ్య ఇంటి ముందు ఆగి, "మా అబ్బా వస్తడు. పొట్టు నేను మోసుకొస్త," అన్నాడు.

హమీద్ మాత్రం కోడలితో ఆ వారమంతా మాట్లాడలేదు. పెట్టింది తిన్నాడు, లేచాడు. తిట్టినా బాగుండేదనిపించింది హసీనాకి. ఆ మౌనం తనకి పడాల్సిన శిక్షేనని ఓర్చుకుంది. మామగారు రెండు నెలలు మోసిన దానిముందు ఈ వారం ఎంత?

ఆదివారం విందు నడి మధ్యాహ్నానికి ముగిసింది. వియ్యంకులు రెండోసారి అడిగి వడ్డించుకున్నారని మెహమూద్ ముందే వచ్చి చెప్పాడు. కాసేపటికి హమీద్ చెమటతో, పొగ వాసనతో ఒక్కడే నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. చేతిలో టిఫిన్ క్యారియర్. గడపలోనే పిలిచాడు.

"హసీనా! పళ్లెం పట్కరా."

ఆమె పళ్లెం తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని ఆమె వైపు జరిపి, నాలుగు ముక్కలు వేశాడు.

"కూసో. తిను."

"మీరు తినుండ్రి అబ్బా. నాకు..."

"రెండు నెలల నుంచి మాంసం వండి పెడుతున్నవ్, ముక్క ముట్టుతలేవు. నాకు కనబడలేదనుకున్నవా? పాప తల్లివి, గట్ల చేస్తే పాలెట్ల వస్తయి?"

హసీనా ముక్క చేతిలోకి తీసుకుంది. వేలు తగిలీ తగలకముందే మాంసం ఎముక వదిలేసింది. నోట్లో పెట్టుకుంది కానీ ఏడుపు ఆగలేదు.

"నన్ను మాఫ్ చేసిన్రా అబ్బా?"

"చేసిన," అన్నాడాయన. ఆమె పళ్లెంలో ఇంకో ముక్క వేస్తూ, చాలా రోజుల తర్వాత నవ్వాడు. "గని మరిచిపోతననుకోకు. నాకు మతి మంచిగున్నదని నువ్వే చెప్తివి గద."