రెండు పొరల గుమ్మటం

మధ్యాహ్నం నమాజు ముగిసి మసీదు ఖాళీ అయింది. సున్నం మేస్త్రి నడుముకు చెక్కసుత్తి దోపుకుని నిచ్చెన దగ్గర నిలబడ్డాడు.

రెండువందల ఏళ్ల గుమ్మటం అది. చూసేవాళ్లకు ఒకటే, నిజానికి రెండు. మొదట కట్టింది చిన్నది. ఊరు పెరిగాక, దూరానికి కూడా కనబడాలని దాని మీద పెద్దది లేపారు. మధ్యలో మనిషి పట్టేంత సందు. అందులో దూరి ఒకరు ఇటుక మీద కొడితే, బయట పరంజా మీద ఉన్నవాడు చెవి ఆనించి విని జవాబు కొట్టాలి. గోడ గట్టిగా ఉంటే ఒకటి, బోలైతే రెండు. ఆ పని తనకు నేర్పిన పెద్దమేస్త్రి, ముప్పయ్యేళ్ల కిందట ఇక్కడే పరంజా మీంచి పడి చనిపోయాడు.

ఆయన కూతురే ఇప్పుడు నిచ్చెన పక్కన కూర్చుని ఈ మసీదు చరిత్ర రాస్తోంది.

"అన్నా, నాన్న పడింది చూపు ఆనకే కదా? అలాగే రాసేస్తున్నా."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మేస్త్రి చేతులు వెనక్కి దాచుకున్నాడు. పరంజాకు ఆ తాడు ముడి వేసింది ఆ చేతులే, అన్నానికి వెళ్లే తొందరలో. పెద్దమేస్త్రి చూపుకేం, వెంట్రుకంత పగులు కూడా దాటిపోనిచ్చేవాడు కాదు. చూపు పోయిందని ఊరంతా చెప్పింది తనే.

"అంతేనమ్మా," అనేసి, ఆమె మొహం చూడలేక నిచ్చెన ఎక్కాడు.

సందంతా చీకటి. గబ్బిలాల కంపు, చెమ్మ పట్టిన సున్నం వాసన. అలవాటుగా ఇటుక మీద ఒకసారి కొట్టాడు.

బయటి నుంచి... టక్... టక్.

మేస్త్రి పై ప్రాణాలు పైనే పోయాయి. బయట పరంజా ఇంకా కట్టనేలేదు.

పక్కకు జరిగి కొట్టాడు. టక్... టక్. ఇంకోచోట. టక్... టక్. కొండలాంటి గోడ, ఎక్కడ కొట్టినా బోలే అంటోంది. సుత్తి చేయి జారింది. ఇక తను కొట్టలేదు. అయినా...

టక్... టక్.

ఈసారి గోడ మీద కాదు. తన వెన్ను మీద. మెల్లగా, పరీక్షగా.

"పెద్దమేస్త్రీ..." అంటూ నిచ్చెన వైపు తడుముకుంటూ పాకాడు.

ఎలా దిగాడో దిగాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"అమ్మా, చూపు అని రాయకు. ముడి నేనే సరిగా వేయలేదు. నింద ఆయన మీదకు నెట్టాను. ఇన్నేళ్లూ సిగ్గులేకుండా మీ ఇంట్లోనే అన్నం తిన్నాను."

ఆమె ఉలిక్కిపడలేదు, ఏడవనూ లేదు. పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"నాతో చెబితే ఎలాగన్నా?" అంది మెల్లగా. "నాన్న పొద్దుటి నుంచీ నీకోసమే పైన కూర్చున్నాడు."

అతను మళ్లీ ఎక్కడానికి వీలుగా, నిచ్చెనను రెండు చేతులా పట్టుకుంది.