పైన్ అడవిలో ఎడమ దారి

ఇంగ్లండులో బ్రాక్‌నెల్ ఊరి వెనక పైన్ అడవిలో ఒక పాడుబడ్డ ఇల్లుంది. ఎప్పుడో అడవి కాపలావాళ్ళు ఉండేవారట. ఇప్పుడు కిటికీలకి చెక్కలు కొట్టేశారు. కుక్కల్ని తిప్పుకునేవాళ్ళు కూడా పొద్దుగూకాక అటు పోరు. "ఆ ఇంటి ముందు నుంచి ఒంటరిగా వెళ్ళినవాళ్ళు ఒంటరిగా రారు" అని అక్కడి ముసలాళ్ళ మాట. అంటే ఏమిటని అడిగితే మాత్రం చెప్పరు…

మల్లికార్జున ఆ మాట విని నవ్వేసేవాడు.

2014 నాటి సంగతిట. అతను అక్కడో సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేవాడు. అంతకుముందు కొరియాలో రెండేళ్ళున్నాడు. ఆదివారాలు అడవిలో నడిచే తెలుగువాళ్ళ గుంపులో ఎవరు కొరియా వెళ్తున్నా అతన్నే అడగాలి, ఏ కొండెక్కాలి, ఎక్కడ తినాలి అని. ఆ వైభవమంతా శివపార్వతి వచ్చేదాకానే.

ఆవిడ కార్డిఫ్ నుంచి ఉద్యోగం మారి వచ్చింది. కొరియాలోనే, బూసాన్ నగరంలో, మూడేళ్ళు కాపురం చేసిన మనిషి.

ఆ డిసెంబరు ఆదివారం నడకయ్యాక అందరూ పబ్‌లో కూర్చున్నారు. కొత్తగా పెళ్ళయిన రోహన్, భావన కొరియా వెళ్తున్నారు. మల్లికార్జున గొంతు సవరించుకుని తనకి తెలిసిన హోటల్ గురించి మొదలెట్టాడు.

"అయ్యో, అదిప్పుడు టూరిస్టుల హోటలైపోయిందండీ," అంది శివపార్వతి మెత్తగానే. "బూసాన్ వెనక కొండల్లో ఒకటుంది. ఎక్కి ఎక్కి మోకాళ్ళు పట్టేస్తాయి. మెనూ గినూ ఉండదు. ఓ మామ్మగారు ఏం వండితే అదే. బార్లీ అన్నం, ఓక్ కాయల పిండితో జున్నులాంటి ముక్కలు… వాగులో కాళ్ళు పెట్టుకుని తినడమే!"

భావన కుర్చీ ఆవిడ వైపు లాక్కుంది. రోహన్ కూడా అటే తిరిగాడు. మల్లికార్జునకి వాళ్ళ వీపులు మిగిలాయి.

కాఫీ సగంలో వదిలేసి బయటికొచ్చాడు. సాయంత్రమే అయినా కటిక చీకటి. కారు దగ్గరికి అడ్డదారి ఆ పాడింటి ముందు నుంచే. ఉక్రోషంలో అటే నడిచాడు.

ఇల్లు దాటాడో లేదో, మనసులో మాటలు మొదలయ్యాయి.

ఇవాళ నిన్నెవరు అడిగారు? నీ మాట ఎవరు విన్నారు? నిన్న కాక మొన్న వచ్చింది… నీ చోట కూర్చుంది…

వెనకాల అడుగుల చప్పుడు.

ఆగాడు. చప్పుడూ ఆగింది. నడిచాడు. మళ్ళీ…

"మల్లికార్జున గారూ!" దూరం నుంచి శివపార్వతి గొంతు. చేతిలో ఫోన్ వెలుగు ఊగుతోంది. "నా కారూ అక్కడే ఉందండీ. దారి చీలింది… ఎటు రావాలి?"

కుడి దారి కార్లున్న చోటికి. ఎడమది మడుగు మీది పాత చెక్కల వంతెనకి. ఆ చెక్కలు పుచ్చిపోయాయని అతనికి తెలుసు.

ఎడమ అని చెప్పు. మాటేగా… చెప్పు.

"ఎడమకి రండి," అన్నాడు.

పెళపెళమని చప్పుడు. ఒక్క కేక. ఫోన్ వెలుగు ఆరిపోయింది.

అప్పుడు తెలివొచ్చినట్టయింది మల్లికార్జునకి. తన ఫోన్ వెలిగించుకుని పరిగెత్తాడు. ఆవిడ మంచులాంటి నీళ్ళలో నడుం దాకా మునిగి, గడ్డి పరకలు పట్టుకుని వేలాడుతోంది. బోర్లా పడుకుని చెయ్యందించి, బలమంతా పెట్టి గట్టుకి లాగాడు.

"తప్పయిపోయింది… తప్పయిపోయిందండీ…"

ఆవిడ పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. అతని చెయ్యి మాత్రం వదల్లేదు.

"పాపం… ఆవిడెక్కడ?" అంది.

"ఎవరు?"

"మీ పక్కన నడిచిందే… ఆ ఇంటి దగ్గర్నుంచీ. మీ ఆవిడేమో అనుకున్నా. దారి పొడుగునా మీ చెవిలో ఏదో చెబుతూనే ఉంది కదండీ…"



శివపార్వతి అతని భుజం మీదుగా వెనక్కి చూసింది… పట్టుకున్న చెయ్యి చప్పున వదిలేసింది.