నక్కలగెడ్డ మిట్ట మీద వెనకడుగులు

“వచ్చే వానల్లోపు నక్కలగెడ్డ మీద వంతెన, మిట్ట పైదాకా తారురోడ్డు. ఇది నా మాట!”

శంకుస్థాపన రాయి దగ్గర నాయకుడు అలా అన్నాక చాలా వానలు వెళ్లిపోయాయి. నరసన్నపేట వెళ్లాలంటే మా ఊరివాళ్లు ఇప్పటికీ గెడ్డ నీళ్లలో దిగి, మట్టి మిట్ట ఎక్కాల్సిందే. పురిటినొప్పుల మనిషిని మంచం మీద మోసుకెళ్తుంటే ఆ మిట్ట మీదే ప్రాణం పోయింది. అప్పట్నుంచీ చీకటి పడితే అక్కడ మూలుగు వినిపిస్తుందంటారు...

చంపింది దెయ్యం కాదు, వ్యవస్థ అని నేను గొంతు చించుకుంటాను. ఎండుచేపలమ్మే మా దాలయ్య మావ వింటేగా! ఆయన చెప్పిందే చెబుతున్నాను.

మొన్న ముసుర్లో, చీకటి పడ్డాక, మర్నాటి సంతకి ఎండుచేపలు కట్టుకుని సైకిల్ మీద బయల్దేరాడు. చేపల వాసనకి దెయ్యాలు వెంటపడతాయని మూటలో ఇనప మేకు కూడా పెట్టుకున్నాడు.

గెడ్డ దాటి తలెత్తాడు.

మిట్ట మీద రెండు దీపాలు. తన వైపే చూస్తున్నాయి.

చూస్తూనే... వెనక్కి, పైకి పోతున్నాయి!

దెయ్యం పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి కదా — అంతలో గుర్రుగుర్రుమనే రొదలోంచి ఆడమనిషి మూలుగు. దీపాలు ఉన్నట్టుండి జారి మీదికొచ్చాయి. మావ గుప్పెడు చేపలు తీసి విసిరేశాడు.

“తినేసి ఎలిపో, తల్లీ...”

“ఎవుడ్రా అది? అద్దం మీద సేపలేట్రా!”

మా ఊరి కొండబాబు, మావకి వరసకి అల్లుడు! జీపులో వెనక అతని భార్య తాయారు, నొప్పులు పడుతోంది.

“ఒరే అల్లుడూ, ఎనక్కెక్కుతున్నావేట్రా?”

“గెడ్డలో రాయి తగిలి ఎనక సక్రాల్ని తిప్పే షాఫ్టు ఇరిగిపోనాది, మావా. ఇప్పి పడేసి, ఫోర్‌వీల్ లివరేసి, ముందు సక్రాల్తోనే లాగుతన్నాను. ముందుకెక్కితే బరువంతా ఎనక్కెలిపోయి అవి ఊరికే తిరుగుతన్నాయి. ఎనక్కెక్కితే బరువు వాటి మీదే పడతాది.”

“ముచ్చట్లు రేపెట్టుకోండి,” తాయారు పళ్లు బిగబట్టి గొణిగింది. “బిడ్డ ఆగదు...”

మావ సైకిల్ పడేసి, టార్చితో జీపు వెనక్కెళ్లి నిలబడ్డాడు. “రా... ఎడం పక్క గొయ్యి... రా, రా...”

చక్రాలు బురద చిమ్ముతూ, జారుతూ, మళ్లీ పట్టుకుంటూ పైకి చేరాయి. అక్కడ బండి తిప్పుకుని ముందు చక్రాలతోనే ఆసుపత్రికి పోయారు. తెల్లారేసరికి ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం.

“దెయ్యం కాదని ముందే సెప్తే నా సేపలు మిగిలేవి!” అంటాడు మావ. ఊరంతా నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. రెండు ప్రాణాలు ఒక్క ఇరుసు మీద వేలాడటమేనా అభివృద్ధి? ఎవరి అభివృద్ధి?

మావ కూతురు గౌరికి జూన్‌లో నెలలు నిండుతాయి. నాయకుడుగారూ, ఆమె ఏ దారిన వెళ్లాలి?

మే 31లోగా జవాబు కావాలి.