యాభై ఏళ్ల రెయిలింగు

మంగళవారం ఉదయం ఏడూ పదికి గడియారాల రిపేరు ఆయన మూడో అంతస్తు బాల్కనీ నుంచి కింద పడ్డాడు. ఏడూ పన్నెండుకల్లా ప్రాణం పోయింది.

ఎవరూ తొయ్యలేదు. కళ్లారా చూసినవాళ్లు నలుగురున్నారు. ఆయన భార్య బజారుకి బయల్దేరి, గేటు దాకా వెళ్లాక పర్సు మర్చిపోయానని ఆగింది. ఆయన పర్సు తెచ్చి కిందికి వెయ్యబోయాడు. కాస్త వంగాడు. తెల్లటి ప్లాస్టిక్ రెయిలింగు ఫట్‌మంది. మనిషీ, పర్సూ, రెయిలింగూ ఒకేసారి కిందికొచ్చాయి.

ఇన్‌స్పెక్టర్ ఏడూ యాభైకి వచ్చాడు. ఆయనకి యాభై మూడేళ్లు, ఆయన మోకాళ్లకి ఇంకో పదేళ్లు ఎక్కువ. లిఫ్టు పనిచెయ్యడం లేదు. దాంతో కింది నుంచే తలెత్తి చూశాడు. ఫొటోలు తియ్యమని హెడ్ కానిస్టేబుల్‌ని పైకి పంపించాడు. రెయిలింగు ఊడింది, మనిషి పోయాడు, ఇందులో పెద్ద మిస్టరీ ఏముంది అనుకున్నాడు.

సాయంత్రం ఐదింటికి, ఉన్న ఆ కాస్త మిస్టరీకి జవాబు కూడా తనంతట తనే నడిచొచ్చింది. బక్కపల్చటి మనిషి ఒకడు స్టేషన్‌లోకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, ఆ రెయిలింగు బిగించింది నేనే. నన్ను లోపలెయ్యండి."

"నువ్వెవరు?"

"ఫిట్టర్‌ని సార్."

"ఎప్పుడు బిగించావ్?"

"ఆరేళ్లయింది."

"వదులుగా బిగించావా?"

"గుర్తు రావట్లేదు సార్. ఆ రోజు మా అమ్మాయికి జ్వరం. ఇంటికెళ్లాలన్న తొందరలో ఉన్నాను. ఆ ఇంటి బోల్టులు రెండోసారి తిప్పానో లేదో... పొద్దున్నుంచీ అదే ఆలోచిస్తున్నాను. తిప్పలేదేమో సార్. నా వల్లే ఒక మనిషి పోయాడు."

పది నిమిషాల్లో స్టేట్‌మెంట్ అయిపోయింది. ఫిట్టర్ సంతకం పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ అతన్ని లాకప్‌లో వేయించి, ఇంటికెళ్లి, హాయిగా భోంచేసి పడుకున్నాడు. ఆ రాత్రి అంత బాగా నిద్రపట్టినందుకు ఆయన తర్వాత చాలాకాలం సిగ్గుపడ్డాడు.

బుధవారం ఉదయం ఎనిమిదింటికి ఆయన వచ్చేసరికి ఫిట్టర్ భార్య బెంచీ మీద కూర్చుని ఉంది.

"మీ ఆయనే ఒప్పుకున్నాడమ్మా. నేను కొట్టలేదు, తిట్టలేదు."

"ఆయన సంగతి మీకు తెలీదన్నయ్యా. ఏం జరిగినా తన నెత్తినే వేసుకుంటాడు. మా పిల్లకి జ్వరమొస్తే, తను గట్టిగా తుమ్మడం వల్లే వచ్చిందన్నాడు."

"మరి బోల్టు సంగతి?"

"ఆయన బిగించిన డబ్బా మూత తియ్యాలంటే నేను పక్కింటివాళ్లని పిలుచుకోవాలి. పనిలో అందరూ ఆయన్ని ఉడుం అంటారు. పట్టు అలాంటిది. అయినా అన్నయ్యా, మీరు పైకెళ్లి ఆ బోల్టులు చూశారా?"

ఇన్‌స్పెక్టర్ టేబుల్ మీది కాగితాలు సర్దాడు.

"నాలుగింటికి కోర్టంట కదా. అక్కడా ఇదే చెప్తాడు. జైల్లో పెడితే హమ్మయ్య అనుకునే రకం ఆయన. నేనూ పిల్లా ఏమైపోవాలి?"

తొమ్మిదీ నలభైకి ఇన్‌స్పెక్టర్ ఒక్కో మెట్టూ తిట్టుకుంటూ మూడో అంతస్తు ఎక్కాడు. గడియారాల ఆయన ఇంట్లో బంధువులు గోడవారగా కూర్చుని ఉన్నారు. ఇన్‌స్పెక్టర్ బాల్కనీలోకి వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

నేలలో ఎనిమిది బోల్టులున్నాయి. ఎనిమిదీ జానెడు ఎత్తు ప్లాస్టిక్ మొండేల్ని నేలకి కరిపించి పట్టుకుని ఉన్నాయి. రెంచి వేసి తిప్పాడు. కదల్లేదు. వెంట వచ్చిన హెడ్ కానిస్టేబుల్ మొహం ఎర్రబడేదాకా తిప్పాడు. ఊహూఁ.

"నిన్న వీటికి ఫొటో తియ్యలేదా?"

"విరిగిన ఖాళీకి తీశాను సార్. మీరు అదే అడిగారు."

ఇన్‌స్పెక్టర్ రెంచి అందుకుని పక్కన పెట్టాడు. ఏ తప్పూ చెయ్యని మనిషి తన లాకప్‌లో, తప్పు తనదేనని కుమిలిపోతూ రాత్రంతా కూర్చున్నాడు. నిన్ననే ఈ మూడు అంతస్తులూ ఎక్కి ఉంటే ఆ రాత్రి అతనికి ఉండేది కాదు.

ఆయన మొండెం మీద బొటనవేలితో రుద్దాడు. వేలికి సుద్దపొడిలా తెల్లగా అంటింది. వెనకవైపు, గోడ నీడలో ఉన్న చోట రుద్దాడు. ఏమీ అంటలేదు. అక్కడ ప్లాస్టిక్ గట్టిగా, నున్నగా ఉంది.

పదకొండింటికి, కబురందుకుని రెయిలింగుల కంపెనీ సేల్స్ మేనేజర్ ఆ బాల్కనీకే వచ్చాడు. టై కట్టుకున్నాడు. బిల్డింగ్ మేనేజర్ కూడా ఫైలు పట్టుకుని వెంట వచ్చాడు.

"చూశారా సార్! మరీ బిగించేశాడు, పగిలింది," అన్నాడు సేల్స్ మేనేజర్.

"నిన్న వదులుగా బిగించినందుకు లోపలేశాం. ఇవాళ గట్టిగా బిగించినందుకు వెయ్యమంటారా? విరిగింది బోల్టు దగ్గర కాదయ్యా, జానెడు పైన. ఎండ తగిలినవైపు పొడిపొడిగా రాలుతోంది."

"ఎండకా? మాది యాభై ఏళ్ల రెయిలింగు సార్! మా సొంత డబ్బా కాదిది. పరీక్షల ల్యాబ్ రిపోర్టు."

బిల్డింగ్ మేనేజర్ ఫైల్లోంచి రిపోర్టు తీసి చూపించాడు. "మేం దీన్ని చూసే కొన్నాం. కొన్న రోజు ధర ఒక్కటే చూస్తే మోసపోతాం కదండీ. వస్తువు పనికిరాకుండా పోయేదాకా అయ్యే ఖర్చంతా లెక్కేశారు ఇందులో. స్టీలుకి నాలుగేళ్లకోసారి పెయింటు. చెక్కకి రెండేళ్లకోసారి వార్నిష్. ప్లాస్టిక్‌కి ఏమీ అక్కర్లేదు. కొనేటప్పుడే స్టీలులో సగం. యాభై ఏళ్లకి మొత్తం కూడితే స్టీలు ఖర్చులో మూడోవంతు."

"ఆ యాభై అన్న అంకె ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"ల్యాబ్ మేడ మీద ఎండలో పెట్టి చూశారు సార్," అన్నాడు సేల్స్ మేనేజర్ ధీమాగా.

పన్నెండూ ఇరవైకి ఇన్‌స్పెక్టర్ ల్యాబ్‌లో ఉన్నాడు. రిపోర్టు రాసిన ఆయన్ని అక్కడ అందరూ పెద్ద సార్ అంటారు. రిటైర్మెంట్‌కి ఎనిమిది నెలలుంది. మర్యాదగా లేచి నిలబడ్డాడు. గడ్డం గీసుకోలేదు. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. పక్క టేబుల్ దగ్గర రికార్డులు చూసే మేడమ్ కూర్చుని ఉంది. ఆమె ఒకప్పుడు ఆయన దగ్గరే చదువుకుంది.

"ఎండలో పెట్టిన ముక్కలు ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయి. రండి, చూపిస్తాను."

మేడ మీద పొడవాటి చెక్క స్టాండు ఉంది. ఆకుపచ్చ పెయింటు. ఎడమవైపు సగంలో చెక్క ముక్కలూ, స్టీలు ముక్కలూ. చెక్క బూడిదరంగుకి తిరిగి చీలింది. స్టీలు తుప్పుపట్టింది. కుడివైపు సగంలో ప్లాస్టిక్ ముక్కలు. తెల్లగా మెరుస్తున్నాయి. ఇన్‌స్పెక్టర్ వేలితో రుద్దాడు. పొడి అంటలేదు.

"ఎన్నేళ్లుగా ఉన్నాయి?"

"తొమ్మిదేళ్లు. మొదటి మూడేళ్ల ఫలితాలతో రిపోర్టు ఇచ్చాం."

"ఒక్కసారి కూడా కదపలేదా?"

"లేదు." ఆ ఒక్క మాటా పెద్ద సార్ గట్టిగా చెప్పాడు.

ఇన్‌స్పెక్టర్‌కి ఏమీ పాలుపోలేదు. అక్కడ ఆరేళ్లకే పొడైన ప్లాస్టిక్, ఇక్కడ తొమ్మిదేళ్లయినా చెక్కుచెదరలేదు. కోర్టుకి ఇంకా మూడు గంటలే ఉంది. స్టాండు ముందు చతికిలబడి కింది ముక్కలు కూడా చూశాడు. అవీ అంతే. ఇక లేద్దామంటే మోకాళ్లు సహకరించలేదు. రెండు చేతులతో స్టాండు కర్ర పట్టుకుని, మూలుగుతూ లేచాడు.

చేతులు దులుపుకోబోయి ఆగాడు. ఎడమ అరచేతి నిండా ఆకుపచ్చ పెచ్చులు. కుడి అరచెయ్యి శుభ్రంగా ఉంది.

ఆయన మేడ మీద ఓ చుట్టు తిరిగాడు. అవతలి మూల వాటర్ ట్యాంకు దగ్గర వంగి పైపు వాసన చూశాడు. తర్వాత ఆ ఇద్దరు మేనేజర్లనీ తీసుకురమ్మని హెడ్ కానిస్టేబుల్‌కి ఫోన్ చేశాడు.

రెండింటికి అందరూ అదే మేడ మీద నిలబడ్డారు. సేల్స్ మేనేజర్ టై వదులు చేసుకున్నాడు. బిల్డింగ్ మేనేజర్ ఫైలుతో ఎండకి అడ్డం పెట్టుకున్నాడు. పెద్ద సార్ మాత్రం ఎండలోనే నిలబడ్డాడు.

"ఈ ముక్కల్ని చూడ్డానికి తొమ్మిదేళ్లలో ఎంతమంది వచ్చుంటారు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"చాలామంది," అంది రికార్డుల మేడమ్.

"అందరూ ముక్కల్నే చూశారు. నేనూ అంతే. స్టాండుని ఎవరూ చూడలేదు. పెద్ద సార్, దీనికి పెయింటు ఎప్పుడు వేశారు?"

"చేయించిన రోజున."

"మొత్తం ఒకేసారి?"

"ఒకేసారి."

"మళ్లీ వేశారా?"

"లేదు."

"మరి ఒకే కర్రకి ఒకే పెయింటు వేస్తే, చెక్కా స్టీలూ ఉన్న సగం ఇలా పెచ్చులూడిందేంటి? ప్లాస్టిక్ ఉన్న సగం మొన్న వేసినట్టుందేంటి?"

ఇన్‌స్పెక్టర్ ప్లాస్టిక్ ఉన్న సగాన్ని వేలితో తట్టాడు.

"ఈ సగానికి సరిగ్గా ఎండ తగల్లేదు. ఏదో అడ్డం ఉండేది. అదిగో, ఆ ట్యాంకు. పైపు అతుకు దగ్గర జిగురు వాసన ఇంకా పోలేదు. దాన్ని ఎప్పుడు జరిపించారు?"

పెద్ద సార్ ట్యాంకు వైపు చూశాడు.

"నిన్న మధ్యాహ్నం మూడింటికి," అంది రికార్డుల మేడమ్. "చెప్పెయ్యండి సార్. ఆ వార్త విన్నప్పట్నుంచీ మీరు మంచినీళ్లు కూడా ముట్టుకోలేదు."

పెద్ద సార్ స్టాండు మీద చెయ్యి వేశాడు.

"పరీక్ష మొదలైన నాలుగో నెలలో ట్యాంకు తెచ్చి ఇక్కడ పెట్టారు. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా నీడ. ముక్కల్ని జరపాలనుకున్నాను. కానీ రూలు ఒప్పుకోదు. ఒకసారి పెట్టిన ముక్కని పరీక్ష అయ్యేదాకా కదపకూడదు. ముప్పై ఏళ్లు పిల్లలకి నేర్పిన రూలు. నేనెలా తప్పుతాను?"

"ట్యాంకుని జరపకూడదని రూలేం లేదుగా?"

"లేదు. దానికి లెటర్ రాయాలి, సంతకాలు పెట్టించాలి. వచ్చే వారం రాద్దాం అనుకున్నాను. తర్వాత, పొద్దుటి ఎండ తగుల్తోందిగా అని సర్దిచెప్పుకున్నాను. మూడేళ్లయింది. రిపోర్టు వెళ్లిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత నోరు పెగల్లేదు."

"తొమ్మిదేళ్లు జరపలేని ట్యాంకుని నిన్న ఒక్క గంటలో జరిపారు."

"అవును." ఆయన కళ్లు తుడుచుకోలేదు. "భయం వేసింది. ఆయన్ని చంపింది నేనే."

రికార్డుల మేడమ్ రిపోర్టు తీసుకుని అంచున పెన్సిల్‌తో ఏదో రాసింది. "యాభై తీసేసి ఆరు పెడితే, యాభై ఏళ్లలో ఎనిమిదిసార్లు మార్చాలి. ప్లాస్టిక్ ఖర్చు స్టీలుకి మూడురెట్లవుతుంది," అంది. రాసింది కాబట్టి చదివిందంతే. చదివాక తలెత్తలేదు.

సేల్స్ మేనేజర్ టై విప్పేశాడు. "మాకు నిజంగా తెలీదు సార్. రిపోర్టు చూపించి అమ్ముకున్నాం."

"మా బిల్డింగులో ఎండవైపు ఇలాంటివి నూట నలభై ఉన్నాయి," అన్నాడు బిల్డింగ్ మేనేజర్. ఫైలు కింద పడిపోయింది.

ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఫోన్‌లో అరుస్తున్నాడు. నూట నలభై బాల్కనీ తలుపులకీ గడియ పెట్టించమని, ఎవరూ బయటికి రాకుండా చూడమని.

పెద్ద సార్‌ని జీపెక్కించారు. ఆయన పక్కన కూర్చున్న ఇన్‌స్పెక్టర్‌కి మంచి పోలీసునన్న గర్వం ఏమీ కలగలేదు. ట్యాంకు జరపని ఈయనకీ, మెట్లెక్కని తనకీ తేడా ఎంత? దారి పొడవునా అదే ఆలోచించాడు. జవాబు దొరికింది గానీ అది ఆయనకి నచ్చలేదు.

మూడున్నరకి లాకప్ తలుపు తానే తీశాడు.

"బయటికి రావయ్యా. నీ తప్పేం లేదు. ఎనిమిది బోల్టులూ ఇంకా నేలని వదల్లేదు. తప్పు నాది. నిన్ననే పైకెక్కి చూడాల్సింది."

ఫిట్టర్ గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అతని భార్య వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. కాసేపటికి అతను తలెత్తాడు.

"మరి విరిగిందేంటి సార్?"

"ప్లాస్టిక్. ఎండకి పాడైపోయింది."

"అలాంటివి అక్కడ నూట నలభై ఉన్నాయి. అన్నీ నేనే పెట్టాను." అతను లేచాడు. "నా సామాన్ల సంచీ ఇప్పించండి సార్."

"ఇవాళ ఇంటికెళ్లు. రేపు వేరేవాళ్లని..."

"వేరేవాళ్లకి తెలీదు సార్."

ఐదూ పదికి ఇద్దరూ మూడో అంతస్తుకి చేరారు. సంచీ ఇన్‌స్పెక్టర్ భుజాన ఉంది. ఫిట్టర్ గడియారాల ఆయన ఇంటి ముందు ఆగిపోయాడు. తలుపు తెరిచే ఉంది. ఆయన భార్య గుమ్మంలోకి వచ్చింది.

"నేనమ్మా, మీ రెయిలింగు బిగించింది," అన్నాడు ఫిట్టర్, తల దించుకుని.

ఆమె అతని చేతుల వంక కాసేపు చూసింది.

"పర్సు వెయ్యమని కేకేసింది నేను నాయనా. నాలుగు మెట్లెక్కి తెచ్చుకోలేకపోయాను."

ఇన్‌స్పెక్టర్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"ముందు పక్కింటిది విప్పు," అంది ఆమె. "వాళ్లకి చిన్నపిల్ల ఉంది. కుర్చీ లాక్కెళ్లి బాల్కనీలో ఎక్కుతుంది. నేనెన్నిసార్లు చెప్పినా వినదు."

ఫిట్టర్ రెంచి తీసుకుని పక్కింటి తలుపు తట్టాడు.