పాయగాజు తీసిన ప్రొజెక్టరు

నూకరత్నం గోడకు అరచెయ్యి ఆనించి నిలబడింది. గోడ మెల్లగా ఆమె చేతిని తోసి, మళ్ళీ వెనక్కి పోయింది. పోటు మొదలైందన్నమాట. పోటు వేళ ఇల్లు ఎంత ఊగుతుందో చూడకుండా ప్రొజెక్టరు అమ్మితే పాపం చుట్టుకుంటుందని తేలుడూళ్ళలో అందరికీ తెలుసు. కిందటేడు ఓ తొందరమనిషి, అల ఊపును సర్దే అలసర్దు లేని మిషను బిగించి పోతే, బొమ్మలో పెళ్ళిపందిరి ఇటొరిగి అటొరిగి, చూస్తున్న ఇంటిల్లిపాదికీ వాంతులయ్యాయి. పీటల మీద పెళ్ళికొడుక్కి కూడా అయ్యాయనీ, పురోహితుడు ముక్కు మూసుకుని మంత్రం ముగించాడనీ చెప్పుకుంటారు. అదెంతవరకు నిజమో గాని, అప్పట్నుంచి నూకరత్నం గోడను పట్టి చూడకుండా బేరం మొదలుపెట్టదు.

సంచిలోంచి వెలుగు కొలిచే అద్దప్పురుగును తీసి వదిలింది. అది ఝుమ్మని లేచి నాలుగు మూలలా వాలి, కిటికీ దగ్గర ఎండనూ, గోడ మీద తెలుపునూ రుచి చూసి, తిరిగొచ్చి ఆమె మణికట్టు మీద కూర్చుంది.

"గోడకి సున్నం ఎప్పుడేశారండీ?" అని అడిగింది నూకరత్నం.

"ఆవిడగారినడగండి. ఏసింది ఆవిడేగా," అన్నాడు నులకమంచానికి ఈ చివర కూర్చున్న బుల్లెబ్బాయి. సముద్రంలో పంజరాలు కట్టి రొయ్యలు పెంచే మనిషి. వేళ్ళ సందుల్లో ఉప్పు ఇంకా మెరుస్తోంది.

"మొన్న అమాస పోటుకి ముందేశానని ఆయనగారితో చెప్పండి," అంది మంచానికి ఆ చివరున్న అతని భార్య కనకవల్లి.

ఇద్దరి మధ్యా ఇంకో మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత చోటుంది. ఎవరి మాట వాళ్ళు నూకరత్నం మొహంలోకి చూసి చెబుతున్నారు తప్ప పక్కకు తిరగడం లేదు.

"నీలిమందు కాస్త ఎక్కువ పడిందండి. బొమ్మలో మనుషులంతా చలేసినట్టు కనపడతారు."

"ఆవిడగారి చెయ్యి ధారాళమండి, ఆయ్. పులుసులో ఉప్పు కూడా అంతేనండి."

"ఆ ఉప్పు తినే ఇంత ఒళ్ళు చేశారని చెప్పమ్మా ఆయనగారితో!"

నూకరత్నం ఆ రెండు మాటల్నీ ఎటూ మొయ్యలేదు. ఇలాంటి ఇళ్ళు ఆమె చాలానే చూసింది. మొగుడూపెళ్ళాల తగువులో మాట మోసినవాడూ, నడిగోదారిలో తెడ్డు పారేసుకున్నవాడూ ఒకటే.

చెవిపూసలోంచి మేస్త్రి మాట్లాడాడు. "గది చిన్నది. పగటి వెలుగు పెద్దది. ఇంటివారి తాహతు మధ్యస్థం. పదిపాయల మిషను సరిపోతుంది." మేస్త్రి గొంతులో ఎప్పుడూ తొందర ఉండదు, విసుగూ ఉండదు. మనిషైతే ఇంత ఓపిగ్గా ఎలా ఉంటాడు? సముద్రం కొత్త గట్టు కట్టుకున్న ఈ మధ్యడెల్టా అంతటికీ బొమ్మలు అల్లే యంత్రం మేస్త్రి ఒక్కడే. చూసేవాడి గుండెచప్పుడు విని, తర్వాతి సీను అప్పటికప్పుడు అల్లి కంట్లో వేస్తాడు. కంటికి తొడుక్కునే కనుపొరలో ఎవరి బొమ్మ వాళ్ళకి.

"మూడు మిషన్లు తెచ్చానండి," అంది నూకరత్నం గుమ్మం ముందు కట్టిన పడవలోంచి పెట్టెలు దింపుతూ. "ముందు దీన్ని చూడండి. మహారాజు. పట్టపగలు కిటికీ తెరిచినా బొమ్మ చెక్కుచెదరదు. ఇంటో ఎంతమందుంటే అంతమందికీ ఒకటే బొమ్మ."

బుల్లెబ్బాయి దాన్ని ఎత్తి చూసి, ధర విని, పసిబిడ్డను దించినట్టు దించాడు. "దీన్ని కొనాలంటే రొయ్యల్ని కాదండి, రొయ్యలు పెరిగే సముద్రాన్నే అమ్ముకోవాలి."

"రెండోది తామర. ఇదీ ఒంటిబొమ్మే. ధర చేతికందుద్ది. కాని వెలుగు పేదదండి. కిటికీకి గోనెపట్టాలు కట్టుకోవాలి. అలసర్దు లేదు. ఫ్యాను తిరిగితే రైసుమిల్లు పక్కన కాపురం ఉన్నట్టే."

"ఊగే బొమ్మ చూత్తే నాకు తల తిరుగుద్దని చెప్పండి," అంది కనకవల్లి. "పడవెక్కినా తిరిగేదే నాకు. అయినా ఈ ఇంటికి కాపరానికొచ్చాను చూడండి."

మూడోది పదిపాయలు. వెలుగు బాగుంది, చప్పుడు లేదు, అలసర్దు ఉంది, ధర రెండు వలల కన్నా తక్కువ. ఇంత చవక ఎందుకో అందరికీ తెలుసు. సగం ధర మేస్త్రే పెట్టుకుంటాడు. మిషను మూతి దగ్గర పాయగాజు ఉంటుంది. గోదారి పాయలుగా చీలినట్టు బొమ్మ అక్కడ చీలుతుంది. ఒకే గోడ మీద, మంచం ఈ చివరివాడికి ఒకటి, ఆ చివరివాడికి ఇంకొకటి. ఏ పాయలో ఎవరు ఎక్కడ నవ్వారో, ఎక్కడ ముక్కు చీదారో మేస్త్రికి విడివిడిగా చేరుతుంది. అది చేరడమే అతనికి కావలసిన ఆదాయం.

"వద్దండి," అన్నాడు బుల్లెబ్బాయి. "పాయలే కావాలంటే కనుపొరలున్నాయిగా. వాటి మూలానే మా కొంప మునిగింది."

"మునిగిన కొంప గురించి మూడో మనిషి దగ్గర ఎందుకంట?" అంది కనకవల్లి. కాని చెప్పింది తనే. "వైశాఖంలో మా అమ్మ పోయిందండి. నెల తిరక్కుండా ఓ బొమ్మ పెట్టుకున్నాం, మనసు మళ్ళుద్దని. నా బొమ్మలో ఓ తల్లి. కూతురి కోసం అన్నం కలిపి పెట్టి, గుమ్మంలో కూచునే పోయింది. నేను గుండెలవిసేలా ఏడుస్తన్నాను. పక్కన ఈయనగారు పకపకా, పకపకా... మంచం ఊగేలా నవ్వుతన్నారు."

"నా బొమ్మలో తల్లి లేదండీ!" బుల్లెబ్బాయి రెండు చేతులూ ఎత్తాడు. "గేదె. గేదె పెళ్ళివారి పడవెక్కేసి దిగనంటది. పెళ్ళికూతురి పూలజడ మేసేత్తది. నవ్వక ఏం చెయ్యమంటారు?"

"గేదేనండి. గేదని నాకూ తెలుసు. తెలిసినా మనసు ఒప్పుకోదే! పక్కన మనిషి ఏడుత్తుంటే కనపడదా?"

"కనుపొర ఏసుకుంటే పక్కన మనిషి మసకైపోతాడండి. అది నేను పెట్టిన మసకా?"

అప్పట్నుంచి వాళ్ళ మధ్య మాట లేదు. పక్కింటి పిల్లి ద్వారా కూడా మాట్లాడుకున్నారట కొన్నాళ్ళు. పిల్లి అలిసిపోయి వేరే ఊరి పడవెక్కి వెళ్ళిపోయిందని బుల్లెబ్బాయి అన్నాడు. కనకవల్లి కాదనలేదు.

చివరికి ఇద్దరూ ఒక్క విషయంలో ఏకమయ్యారు. కనుపొరలు తీసి పెట్టెలో పడేసి, గోడ మీద ఒకే బొమ్మ చూడాలి. పక్కన మొహం పక్కన కనపడుతూ ఉండాలి. అందుకే ఈ బేరం. తీరా చూస్తే, తాహతుకు దొరికింది పదిపాయలు.

"ఓసారి వేసి చూపిత్తాను," అని నూకరత్నం మిషనును పీట మీద పెట్టింది. గోడ వెలిగింది. అలసర్దు పనిచేసి, ఇల్లు ఊగుతున్నా బొమ్మ రాయిలా నిలబడింది. భలే మిషను, పాడుది.

కనకవల్లి గోడకేసి చూస్తూనే అడిగింది. "ఏం కనపడతందో అడగండి ఆయనగారిని."

"పడవపందెం," అన్నాడతను.

"నాకు సీమంతం."

ఆమె లేచింది. మంచం కింద నుంచి మూట లాగింది. చీరలు, ఓ ఇత్తడి చెంబు, అమ్మ ఫొటో. ఎప్పుడో సర్ది పెట్టుకున్న మూటే. "మీ పడవలో నన్ను రేవు దాకా దింపమ్మా రత్నంగోరూ. యానాం లాంచీ అందుకుంటాను. మా అన్నయ్య ఇంటికి పోతాను. తిరిగొచ్చే ఆలోచనేం లేదు."

బుల్లెబ్బాయి నోరు తెరిచాడు. మొహం నూకరత్నంకేసి తిప్పాడు. ఉప్పు మెరిసే వేళ్ళు నులకను పట్టుకుని ఉండిపోయాయి.

నూకరత్నం మూటను చూసింది, మిషనును చూసింది. తర్వాత ఆమె చేసిన పని ఆ డెల్టాలో అంతకు ముందు ఎవరూ చెయ్యలేదు. చేతిగాజుకు తగిలించుకున్న పిన్నీసు తీసి, మిషను మూతి కింద దూర్చి, పీత డిప్ప తెరిచినట్టు ఓ మెలి తిప్పింది. టిక్కుమని పాయగాజు ఊడి ఆమె అరచేతిలో పడింది.

"రత్నం," అన్నాడు మేస్త్రి చెవిపూసలో. "పాయగాజు కనిపించడం లేదు."

"నాకు కనపడతందండి. నా చేతిలోనే ఉంది."

"పాయగాజు తీసినవారి అమ్మకపు బిళ్ళ రద్దవుతుంది. రేపటి నుంచి నీకు మిషన్లు ఇవ్వరు."

బిళ్ళ లేకపోతే పడవలో అమ్మడానికి నీళ్ళు తప్ప ఏమీ మిగలవని ఆమెకు తెలుసు. మెడలో తాడు కన్నా ముందు ఆ బిళ్ళనే కట్టుకుంది మరి. "రేపు సంగతి రేపండి మేస్త్రిగోరూ. వల్లీ, ఒక్క నిముషం కూచోమ్మా. లాంచీ ఎక్కడికీ పోదు, దాని డ్రైవరు మా తమ్ముడే."

గోడ మీద ఏమీ లేదు. నీలిమందు కలిసిన తెలుపు ఒక్కటే ఉంది. చెవిపూస చాలదనుకున్నాడో ఏమో, మేస్త్రి మిషనులోంచే, అందరికీ వినపడేలా అడిగాడు. "బొమ్మ ఒకటే పడుతుంది. చూసేవారు ఇద్దరు. ఎవరి బొమ్మ వెయ్యాలి?"

"వైశాఖం బొమ్మ," అన్నాడు బుల్లెబ్బాయి వెంటనే. అన్నాక మెల్లగా, "ఆవిడగారిది వెయ్యమనండి. ఆ తల్లిది. నేను చూడాలండి, ఏ చోట ఏడ్చిందో."

మూట పట్టుకున్న చెయ్యి ఆగింది. "నాది వద్దని చెప్పండి," అంది కనకవల్లి. "ఆయనగారిదే వెయ్యాలి. ఆ గేదెనోసారి చూడనివ్వండి. అంత నవ్వొచ్చే గేదేనా అని."

మేస్త్రి ఆగాడు. మేస్త్రి ఆగడం నూకరత్నం పుట్టి బుద్ధెరిగాక వినలేదు. "ఇది లెక్కకు రావడం లేదు," అన్నాడు చివరికి. "ఎవరి గుండె వారి బొమ్మనే కోరుతుంది. ఇతని గుండె ఆమె బొమ్మను కోరుతోంది. ఆమె గుండె ఇతని బొమ్మను కోరుతోంది. మళ్ళీ అడుగుతున్నాను."

"ఆవిడగారిదేనండి!"

"ఆయనగారిదే! ముందు ఆయనగారిది!"

పాపం మేస్త్రికి ఏం తెలుసు? అతను వెయ్యి రకాల కోరికలు చూశాడు గాని, గోదారి మర్యాద చూడలేదు. ఇక్కడ ఇద్దరు మనుషులు ఒకే గుమ్మం దాటాలంటే "ముందు మీరు" అంటే "ముందు మీరు" అనుకుని, తలుపు చెదలు పట్టేదాకా నిలబడ్డవాళ్ళున్నారు. విస్తట్లో ఒక్క గారె మిగిలితే అది తెల్లారేదాకా అటు పోయి ఇటు వచ్చిన ఇళ్ళున్నాయి. తన కోసం పట్టుపట్టేవాడిని లొంగదియ్యొచ్చు. ఎదుటివాడి కోసం పట్టుపట్టేవాడి దగ్గర ఏ లెక్కా పారదు.

"ఎందుకంత మొండితనం!" బుల్లెబ్బాయి మంచం మీంచి లేచాడు. ఈసారి మొహం నూకరత్నంకేసి తిరగలేదు. "నీదే వెయ్యాలంటున్నాను కదే వల్లీ! మీ అమ్మ పోయినప్పుడు కూడా పంజరాల దగ్గరే ఉండిపోయాను నేను. కనీసం ఆ బొమ్మలో తల్లినన్నా చూడనివ్వవా?"

కనకవల్లి గిర్రున తిరిగింది. "ఏవయ్యా, ఇన్నాళ్ళూ ఈ మాట ఏ పంజరంలో దాచావు? పిల్లితో చెప్పావు, దారినపోయే పడవలతో చెప్పావు. నాతో చెప్పడానికి నోరు రాలేదేం?"

"నువ్వు ఇటు తిరిగితేగా!"

"నువ్వు పిలిత్తేగా!"

"ఇప్పుడు పిలిచాను కదా! నీదే వేయించు!"

"చచ్చినా వేయించను. నీదే!"

బయట ఏదో కేక వినపడింది. తర్వాత ఇంకోటి. నూకరత్నం గుమ్మంలోకి వెళ్ళి చూసింది. ఎదురు ఇంటి అరుగు మీద ఓ ముసలాయన కనుపొర తీసి ఎండకు పెట్టి చూస్తున్నాడు. పక్కింటి పడవలో ఓ పడుచు, చేతిలో తెడ్డు మరిచిపోయి కళ్ళు నులుముకుంటోంది. కాలవ పొడుగునా తలుపులు తెరుచుకుంటున్నాయి.

"మా బొమ్మాగిపోయిందండోయ్! మీదో?"

"మాదీనండి! వాడు కత్తి ఎత్తాడు, ఎత్తినట్టే ఉండిపోయాడు!"

"నీ బొమ్మలో కత్తా? నాకు పాయసం వడ్డిత్తన్నారు కదే!"

ఏ ఒక్క గుండె కోరిక తేలకపోయినా ఎవరికీ తర్వాతి సీను అల్లకూడదన్నది మేస్త్రి కట్టుబాటు. ఇన్నాళ్ళూ ఏ చిక్కొచ్చినా ఇంకో పాయ చీల్చి దాటిపోయాడు. ఈ గదిలో చీల్చడానికి గాజు లేదు. అతను ఒక్కడే కాబట్టి, ఇక్కడ ఆగితే ఎక్కడైనా ఆగినట్టే. అంతర్వేది నుంచి కోరింగ దాకా పోటు మీద ఊగే ఇళ్ళన్నిట్లో బొమ్మలు నిలబడిపోయాయి. జనం కనుపొరలు తీసి, పక్కన ఉన్నది ఎవరా అని చూసుకుంటున్నారు. కొందరు గుర్తుపట్టడానికి కాస్త సమయం తీసుకున్నారు.

లోపల తగువు జోరందుకుంది. అది ఇప్పుడు బొమ్మ దాటి పులుసులో ఉప్పు మీదకూ, అక్కడి నుంచి అత్తగారి దినానికి రాకపోవడం మీదకూ పోయింది. కనకవల్లి ఏడుస్తోంది. బుల్లెబ్బాయి కళ్ళు తుడుచుకుంటూనే అరుస్తున్నాడు. ఎదురెదురుగా, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ. మూట ఎప్పుడో మంచం మీద పడింది. మధ్యలో ఖాళీ చోటు ఎవరూ గమనించకుండానే తరిగిపోయింది.

"రత్నం," అన్నాడు మేస్త్రి చెవిపూసలో, చిన్నగా. "ఇది ఎప్పటికి తేలుతుంది?"

"మొగుడూపెళ్ళాల మాటండి, ఎలా చెప్పగలం? పొయ్యి మీదకి అన్నం ఎక్కితే కాస్త తగ్గుద్ది."

"లక్ష బొమ్మలు ఆగి ఉన్నాయి. అంతవరకు నేనేం చెయ్యాలి?"

నూకరత్నం పాయగాజును చెంగున ముడేసుకుని, గుమ్మంలో చతికిలబడి కూర్చుంది.

"ఏం చేత్తారండి. నాలాగే కూచుని చూడండి."